వేడికి రంగే కొలత

విశాఖ ఉక్కు చరిత్రను మనం ఎక్కువగా ఉద్యమంగానే చెప్పుకుంటాం. 1966లో కాల్పులకు ఒరిగిన 32 మంది, 1971లో పడిన శంకుస్థాపన రాయి, ఊళ్లు వదిలి పునరావాసపు ఆర్ కార్డులు చేతబట్టుకున్న నిర్వాసితులు. ఇవన్నీ చెప్పుకోవలసినవే. కానీ కర్మాగారపు కూర్మన్నపాలెం గేటు లోపల మరో చరిత్ర ఉంది. అది రంగుల చరిత్ర.

1990 మార్చిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' రాజుకుంది. తర్వాత 'కృష్ణ', 2012లో 'అన్నపూర్ణ' వచ్చాయి. వేడిని కొలిచే పరికరాలు ఎన్ని ఉన్నా, కరిగిన ఇనుమును బయటికి వదిలే ట్యాపింగ్ వేళ చేయి తిరిగిన కార్మికుడి కళ్లు నీలి అద్దాల వెనక నుంచి ధార మీదే ఉంటాయి. దాదాపు 1500 డిగ్రీల వేడిలో ఇనుము, స్లాగ్ (లోహపు మలినం) ఒకదాని వెంట ఒకటి పారతాయి. రెండింటి వేడీ దాదాపు ఒకటే అయినా స్లాగే ఎక్కువ మెరుస్తుంది. ఎక్కడ ఇనుము ఆగి స్లాగ్ మొదలైందో ఆ మెరుపు తేడాయే చెబుతుంది. కొత్తవాడికి రెండూ నిప్పుల వాగే. ఆ తేడా పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

అసలు ఆ ఇనుము రాయిగా ఉన్నప్పుడే రంగుతో పరీక్ష మొదలవుతుంది. బైలదిల్లా నుంచి రైల్లో దిగే హెమటైట్ గడ్డ కొన్నిసార్లు నల్లగా, బూడిద రంగులో కనిపిస్తుంది. గరుకు పింగాణీ మీద గీస్తే మాత్రం ఎర్రటి చార పడుతుంది. మాగ్నటైట్ అయితే నల్ల చారే. గడ్డ పైరంగు మోసం చేయవచ్చు, చార చేయదు.

ఈ విద్య కర్మాగారంతో పుట్టింది కాదు. మన ఊరి కమ్మరి కొలిమిలో కొడవలి కాల్చినా, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించి ఇతర దేశాలకు పంపినా, చేతిలో ఉష్ణమాపకం లేదు, రంగే కొలత. సుమారు 525 డిగ్రీల దగ్గర చీకట్లో మసక ఎరుపు కనబడుతుంది. వేడి పెరిగేకొద్దీ అది ముదురు ఎరుపు, నారింజ, పసుపు దాటి తెలుపుకు చేరుతుంది. పదును పెట్టేటప్పుడు ఇంకో రంగుల వరస ఉంది. గట్టిపడిన ఉక్కును మెరుగుపెట్టి మెల్లగా వేడి చేస్తే 220 డిగ్రీల ప్రాంతంలో ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, 300కు చేరువలో నీలం తేలతాయి. అది లోపలి వెలుగు కాదు. నీటి మీద తేలిన నూనె తెట్టులాగా, పైన కట్టే పలుచని ఆక్సైడ్ పొర చూపే రంగు. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు గట్టిగా నిలుస్తుంది, నీలం దాకా పోనిస్తే స్ప్రింగుకు కావలసిన సాగుడు వస్తుంది. ఏ రంగు దగ్గర నీళ్లలో ముంచాలో తెలిసినవాడే పనివాడు.

కాగిన వస్తువు వెలుగు రంగుల సంగతికి శాస్త్రజ్ఞులు ఆలస్యంగా వచ్చారు. పదార్థం ఏదైనా ఒకే వేడి దగ్గర ఎర్రబడటం మొదలవుతుందని 1792లో థామస్ వెడ్జ్‌వుడ్ గమనించాడు. 1836లో పుయే రంగులకు డిగ్రీలు కట్టి పట్టిక వేశాడు. కాగిన వస్తువు ఆ రంగునే ఎందుకు చిందిస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1900లో మాక్స్ ప్లాంక్ క్వాంటం భావన దగ్గరికి చేరాడు. ఆధునిక భౌతికశాస్త్రపు మూలం కొలిమి వెలుగులో ఉందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

మళ్లీ కర్మాగారానికి వస్తే, రోలింగ్ మిల్లులో టీఎమ్‌టీ కడ్డీ తయారీ చూడండి. ఎర్రగా వచ్చిన కడ్డీ నీటి పెట్టెలోంచి దూసుకెళ్తుంది. బయటికి వచ్చేసరికి పైపొర నల్లబడి ఉంటుంది. కాసేపటికి లోపలి వేడి పైకి వచ్చి మళ్లీ మసక ఎరుపు తిరుగుతుంది. ఆ తిరిగొచ్చిన వేడే పైపొరకు పదును. బయట గట్టి, లోపల మెత్తన. మన ఇంటి స్లాబులో దాగేది ఈ కడ్డీయే.

ఇవి వేడి రంగులు. ప్రాణం కాపాడే రంగులు వేరే. ఫ్యాక్టరీ పైపులకు భారతీయ ప్రమాణం ప్రకారం నీటికి సముద్రపు ఆకుపచ్చ, గాలికి లేత నీలం, గ్యాస్‌కు పసుపు. గేటు బయట 2021 ఫిబ్రవరి నుంచి సాగిన దీక్షా శిబిరంలో రంగులది మరో భాష. ప్రైవేటీకరణ వద్దంటూ వేర్వేరు రంగుల జెండాల సంఘాలన్నీ ఒకే పందిట్లో కూర్చున్నాయి. ఇన్నేళ్లు వేడిని రంగుతో చదివిన మనుషులు, జెండా రంగు తేడాలను పక్కన పెట్టగలిగారు.

1990లో తొలి ధార చూసిన తరంలో చాలామంది ఇప్పటికే రిటైరయ్యారు. కూర్మన్నపాలెం, గాజువాక, అగనంపూడి వీధుల్లో వాళ్లు మన మధ్యే ఉన్నారు. ఏ వేళకు ఏ రంగు, ఏ రంగు కనబడితే పరుగు, ఏది కనబడితే ఊపిరి పీల్చుకోవడం, ఇవేవీ పుస్తకాల్లోకి ఎక్కలేదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఫర్నేస్ మీద పనిచేసిన పెద్దాయన ఉంటే దగ్గర కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.