మఖ్‌జన్ నుంచి మ్యాగజైన్ దాకా: ఒక లఫ్జ్ సఫర్

మ్యాగజైన్ అనగానే మన ఇళ్లలో ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. అమ్మీలకు బొమ్మల కవరున్న వారపత్రిక. కాలేజీకెళ్లే బచ్చాలకు ఏడాది చివర్లో వచ్చే సంచిక. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడే పిల్లలకు తూటాలు నింపే డబ్బా. చదువుకునే కాగితానికీ, పేల్చే తుపాకీకీ ఇంగ్లీషులో ఒకే లఫ్జ్ ఎట్లా వచ్చింది? ఈ సవాల్‌కి జవాబు అరబీలో ఉంది.

అరబీలో ఖే, జే, నూన్ అనే మూడు హర్ఫ్‌లు కలిస్తే దాచిపెట్టడం, నిల్వ చేయడం అని అర్థం. ముందు మీమ్ చేరితే ఆ పని జరిగే జగహ్ అవుతుంది. సజ్దా చేసే చోటు మస్జిద్, దర్స్ చెప్పే చోటు మద్రసా, రాయడం నేర్పే చోటు మక్తబ్. అట్లాగే సామాను దాచే చోటు మఖ్‌జన్. ఒకటి కంటే ఎక్కువుంటే మఖాజిన్. మన ఖజానా, ఖజాంచీ కూడా ఈ ఖాందాన్‌వే. సూరహ్ యూసుఫ్ చదివినవాళ్లకు ఖజాయిన్ అనే మాట తెలుసు. యూసుఫ్ అలైహిస్సలాం మిస్ర్ దేశపు నిల్వల జిమ్మేదారీ తనకు అప్పగించమని అడిగే చోట వస్తుంది.

మధ్యధరా సముద్రం మీద అరబ్బులతో తిజారత్ చేసిన ఇటలీ వాళ్లు ఈ మాటను మగజ్జీనో అన్నారు. స్పెయిన్ వాళ్లయితే అరబీ ‘అల్’ను కూడా వదలకుండా అల్మాసేన్ అన్నారు. ఈ రెండు చోట్లా అర్థం గోదామే. ఫ్రెంచిలోనూ రష్యన్‌లోనూ అది దుకాణమైంది. మొరాకోలో ‘మఖ్‌జన్’ అంటే ఏకంగా హుకూమత్. ఖజానా ఎవరి చేతిలో ఉంటే హుకూమత్ వాళ్లదే కదా!

16వ శతాబ్దం చివర్లో ఈ లఫ్జ్ ఇంగ్లీషులోకి చేరింది. మొదట మామూలు గోదాము. తర్వాత ముఖ్యంగా బారూద్, ఆయుధాలు దాచే కొట్టు. మరోపక్క ఇల్మ్‌ను పోగేసిన కితాబులకూ ఈ పేరు పెట్టడం మొదలైంది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ తెచ్చాడు. వేరే అఖ్బార్లలో వచ్చిన మంచి రాతలను ఏరి ఒకచోట దాచే గోదామని ఆయన ఉద్దేశం. అప్పటి నుంచి మాసపత్రికలకు ఆ పేరే స్థిరపడింది. తూటాల డబ్బా అనే అర్థం 19వ శతాబ్దపు రైఫిళ్లతో వచ్చింది.

ఢిల్లీలో కశ్మీరీ గేట్ దగ్గర రోడ్డు మధ్యలో ఒక పాత దర్వాజా ఉంది. అది ఇంగ్లీషువాళ్ల ‘మ్యాగజైన్’, అంటే ఆయుధాగారం తాలూకు మిగిలిన ముక్క. 1857 మే 11న మీరట్ సిపాయీలు ఢిల్లీ చేరినప్పుడు, బారూద్ వాళ్ల చేతికి చిక్కకూడదని లెఫ్టినెంట్ విలోబీ, అతని వెంట ఉన్న కొద్దిమందీ దాన్ని పేల్చేశారు. ఆ రోజుల ఖబర్లను రాసిపెట్టింది ‘దిల్లీ ఉర్దూ అఖ్బార్’. సెప్టెంబర్‌లో షహర్ మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక, ఆ అఖ్బార్ నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖర్ ప్రాణాలు తీశారు. ఆయుధాల గోదామును చూసి భయపడ్డవాళ్లు ఖబర్ల గోదామును చూసీ అంతే భయపడ్డారని నాకనిపిస్తుంది.

1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ ఒక ఉర్దూ మాసపత్రిక మొదలుపెట్టారు. దాని పేరు ‘మఖ్‌జన్’. ఇఖ్బాల్ ‘హిమాలా’ నజ్మ్ దాని మొదటి సంచికలోనే వచ్చింది. యూరప్ అంతా తిరిగి పత్రికగా మారిన లఫ్జ్, తన పాత పేరుతోనే మన పత్రికకు పేరైంది.

మన ఉర్దూలోనూ ఇట్లాంటి జోడీ ఒకటుంది. రిసాలా అంటే పత్రిక, రిసాలా అంటే గుర్రపు దళం కూడా. రిసాల్దార్ అనే హోదా, హైదరాబాద్ రిసాలా బజార్ పేరు ఆ రెండో అర్థం నుంచి వచ్చినవే.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, తెలుగులో రాసే నాకు రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. ‘ఈ ఉర్దూ ముక్కలు తీసేసి శుద్ధమైన తెలుగు రాయొచ్చుగా’ అని ఒకరు. ‘ముసల్మాన్ అయ్యుండి తెలుగులో రాయడమేంది భాయ్’ అని ఇంకొకరు. మొదటివాళ్లకు నేను సర్కారీ బోర్డు చూపిస్తా: ‘జిల్లా ఖజానా కార్యాలయం’. పింఛన్ కోసం అక్కడికి పోయే తాతల్లో ఎవరూ అది పరాయి మాట అనుకోరు. రెండోవాళ్లకు మఖ్‌జన్ కథ చెప్తా. ఇన్ని జబాన్లు తిరిగినా దాని అసల్ పోలేదు. తెలుగులో రాస్తే నాది మాత్రం ఎందుకు పోతుంది?

నా ఫికర్ వేరే. నానీ, దాదీల నోట్లో ఉన్న మాటలు మన బచ్చాల దాకా రావడం లేదు. వాళ్లకు ఉర్దూ హర్ఫ్‌లు రావు, మనం చెప్పే తీరిక చేసుకోం. ఈ జుమ్మా రోజు పెద్దల దగ్గర కూర్చుని, ఇప్పుడు ఇంట్లో ఎవరూ వాడని పది మాటలు అడగండి. అర్థంతో సహా బచ్చాల చేత తెలుగు లిపిలోనే రాయించండి. ఆ నోట్‌బుక్కే మీ ఇంటి మఖ్‌జన్.