ఈరీ సరస్సు: నదీజలాల నాణ్యతలో దీర్ఘకాలిక ధోరణులు

ఉత్తర అమెరికాలోని ఐదు మహా సరస్సుల్లో ఈరీ అన్నిటికంటే లోతు తక్కువైనది. అందువల్ల నదులు తెచ్చే కాలుష్యం ప్రభావం ఇందులో త్వరగా కనిపిస్తుంది. 1960ల నాటికి పట్టణాల మురుగునీరు, సబ్బుపొడుల ద్వారా చేరిన భాస్వరం వల్ల శైవలాలు విపరీతంగా పెరిగాయి. అవి కుళ్ళడంతో నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయింది. 1969లో ఈ సరస్సులో కలిసే కయహోగా నదిపై తేలుతున్న చమురు, చెత్త అంటుకుని మండాయి.

1972లో అమెరికా, కెనడాలు మహా సరస్సుల నీటి నాణ్యతపై ఒప్పందం చేసుకున్నాయి. మురుగు శుద్ధి మెరుగుపడింది, సబ్బుపొడుల్లో భాస్వరం తగ్గింది. ఏడాదికి 11,000 టన్నులకు మించకూడదన్న లక్ష్యం 1980లలో నెరవేరింది.

అయినా 1990ల మధ్య నుంచి శైవలాలు మళ్ళీ పెరగసాగాయి. ఇందుకు కారణమేమిటి? మామీ, సండస్కీ నదుల నుంచి 1970ల మొదలు క్రమం తప్పకుండా సేకరించిన నీటి నమూనాలు దీనికి సమాధానమిచ్చాయి. మట్టిరేణువులను అంటిపెట్టుకుని వచ్చే భాస్వరం పెరగలేదు. నీటిలో కరిగి వచ్చే భాస్వరం పెరిగింది. శైవలాలు సులభంగా గ్రహించేది దీనినే. దున్నని పొలాల పైపొరలో నిలిచిన ఎరువు, పొలాల అడుగున వేసిన నీటి గొట్టాలు, భారీ వర్షాలు ఇందుకు ముఖ్య కారణాలుగా పరిశోధకులు గుర్తించారు.

2014 ఆగస్టులో శైవలాల విషం కుళాయి నీటిలో చేరడంతో, టొలీడో ప్రాంతంలో నాలుగు లక్షలకు పైగా ప్రజలను ఆ నీరు తాగవద్దని హెచ్చరించారు. మొత్తం భాస్వరాన్ని మాత్రమే లెక్కించి ఉంటే ఈ ముప్పుకు మూలం తెలిసేది కాదు. దశాబ్దాల పాటు ఆగకుండా సాగిన కొలతల విలువ ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 1980లలో లక్ష్యం నెరవేరినా ఈరీ సరస్సు సమస్య ఎందుకు తిరిగి తలెత్తింది?