బిషప్ పెట్టిన ఆడిట్ అభ్యంతరం

"గణితంలో నమ్మకానికి తావు లేదు, అక్కడ రుజువొక్కటే చెల్లుతుంది" అని మా హేతువాద సభల్లో చాలాసార్లు చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ మధ్య నాతోపాటు రిటైరైన ఒక క్రైస్తవ మిత్రుడు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "ఏమండీ, న్యూటన్ కాలిక్యులస్‌ని దాదాపు వందేళ్లు ఏ రుజువు చూసి ఒప్పుకున్నారండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు చూసుకుంటూ బతికిన బి.కాం. వాణ్ణి, కాలిక్యులస్ నాకెక్కడిది? ఆయన ఏ పుస్తకం చూసి అడిగారో కనుక్కుని, ఆ కథంతా తెలుసుకున్నాను. సభల్లో నేను చెప్పిన మాట తప్పు.

ఆ పుస్తకం పేరు 'ది ఎనలిస్ట్'. 1734లో వచ్చింది. రాసినవాడు జార్జ్ బర్క్లీ, ఐర్లండ్ తత్వవేత్త, అదే ఏడాది క్లోయిన్ బిషప్ అయ్యాడు. మనసుకు వెలుపల పదార్థమంటూ ఏదీ లేదని వాదించినవాడు. (ఇది మన మాయావాదమేనని మురిసిపోయేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. దాని సంగతి ఇంకోసారి.) పుస్తకం ఒక అవిశ్వాసి గణితజ్ఞుణ్ణి ఉద్దేశించి రాసినది. ఆ అవిశ్వాసి, తోకచుక్క హేలీ అని సాధారణంగా అనుకుంటారు.

బర్క్లీ అభ్యంతరం అర్థం కావడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక చదరం భుజం 10 అనుకోండి, వైశాల్యం 100. భుజాన్ని రవ్వంత పెంచాం. ఆ రవ్వని 'ర' అందాం. వైశాల్యం 20ర + ర×ర పెరుగుతుంది. ఏ రేటున పెరిగిందో తెలియాలంటే 'ర'తో భాగించాలి. 20 + ర వస్తుంది. ఇప్పుడు 'ర'ని సున్నా చేసేస్తే జవాబు 20. జవాబు సరైనదే. కానీ 'ర' సున్నా అయితే దానితో ఎలా భాగించారు? సున్నా కాకపోతే చివర్లో ఎలా కొట్టేశారు? ఒకే లెక్కలో ఒకే రాశి భాగించేటప్పుడు ఉంది, జవాబు రాసేటప్పుడు లేదు! అవి దయ్యాల్లాంటివని బిషప్ ఎగతాళి చేశాడు.

జవాబు తప్పని ఆయన అనలేదు. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల సరైన జవాబు వస్తోందన్నాడు. ఇది చదివినప్పుడు నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. బి.కాం. మొదటి ఏడాదిలో చెప్పే కాంపెన్సేటింగ్ ఎర్రర్స్ ఇవే కదా! ఒకచోట వంద తక్కువ రాసి, ఇంకోచోట వంద తక్కువ రాస్తే ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. కలిసినంత మాత్రాన పుస్తకాలు సరిగ్గా ఉన్నట్టు కాదు. బర్క్లీ అభ్యంతరం న్యాయమైనది. రాసినవాడు బిషప్ అయినంత మాత్రాన అది చెల్లకుండా పోదు.

జవాబులు చాలా వచ్చాయి. జేమ్స్ జ్యూరిన్ మారుపేరుతో తిట్టిపోశాడు. 1736లో పేరు వేసుకోకుండా నెమ్మదిగా జవాబిచ్చినవాడు థామస్ బేయిస్, ప్రాబబిలిటీలో ఇప్పుడు మనందరం పేరు చెప్పుకునే బేయిసే. ఆయనా ఒక చర్చి పాస్టరే. 1742లో మెక్లారిన్ పెద్ద గ్రంథమే రాశాడు. ఎవరు రాసినా చిక్కు పూర్తిగా విడలేదు.

ఇంతకీ బిషప్‌కి కావలసింది గణితం బాగుపడటం కాదు. ఇలాంటి లెక్కని కళ్లు మూసుకుని ఒప్పుకున్నవాళ్లకి, త్రిత్వం వంటి మత మర్మాలు అర్థం కావని తోసేసే హక్కు లేదు అన్నది ఆయన వాదన. (న్యూటన్ దైవభక్తుడే గానీ త్రిత్వాన్ని లోలోపల తిరస్కరించాడు. ఆ సంగతి బర్క్లీ కాలంలో ఎక్కువమందికి తెలియదు.) ఇక్కడ మాత్రం నేను బిషప్‌తో ఏకీభవించను. పక్కవాడి లెడ్జర్‌లో తప్పు చూపిస్తే నా లెడ్జర్ పాస్ అయిపోదు. నా వోచర్లు నేను చూపించాల్సిందే.

మరి గణితజ్ఞులు ఆ వందేళ్లూ చేసింది విశ్వాసం కాదా? మా మిత్రుడి ప్రశ్న ఇదే. తేడా రానప్పుడు కాదు, వచ్చినప్పుడు ఏం చేశారో చూడాలి. తన పేరు మోసే తోకచుక్క 1758లో తిరిగొస్తుందని హేలీ ముందే చెప్పాడు. పారిస్‌లో క్లేరో, లలాండ్, నికోల్ రేన్ లెపోత్ అనే ఆవిడ కలిసి, ఆ అనుమానాస్పదమైన కాలిక్యులస్‌తోనే లెక్కలు కట్టి, అది 1759 ఏప్రిల్ నడిమికి సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందన్నారు. మార్చి 13నే వచ్చింది. నెల తేడా. ఆ తేడాని ఎవరూ దాచలేదు, మర్మమనీ అనలేదు. ఎక్కడ తగ్గిందో వెతికారు. పునాది మీది అభ్యంతరమూ అలాగే తేలాల్సిన పద్దుగా, సస్పెన్స్ ఖాతాలో ఉన్నట్టు ఉండిపోయింది.

తేల్చింది ఎవరు? 1821లో పారిస్‌లో కోషీ 'లిమిట్' భావన మీద కాలిక్యులస్‌ని కట్టాడు. తర్వాత బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ దాన్ని బిగించాడు. 'ర' సున్నా కానక్కర్లేదు, జవాబుకీ 20కీ తేడాని మనం అడిగినంత తక్కువ చెయ్యగలిగితే చాలు. 1960లలో అబ్రహాం రాబిన్సన్, ఆ రవ్వలనే తర్కబద్ధంగా నిలబెట్టే దారి కూడా చూపించాడు.

ఇక్కడ మనవాళ్లకి నచ్చని సంగతి ఒకటుంది. కోషీ పరమ కాథలిక్ భక్తుడు. ఆయన కంటే ముందే, 1817లో, ప్రాగ్‌లో ఇంచుమించు అదే పద్ధతిలో కంటిన్యూటీని నిర్వచించిన బెర్నార్డ్ బోల్జానో ఏకంగా కాథలిక్ ఫాదిరీ. బిషప్ అభ్యంతరానికి మొదట దారి చూపింది ఇంకో ఫాదిరీ అన్నమాట! మా మిత్రుడికి ఇది చెబితే ఎంత సంతోషించారో. "చూశారా" అన్నారు. చూశాను. బోల్జానో నిర్వచనాన్ని మీరూ నేనూ దేవుడి ఊసు లేకుండా సరిచూసుకోవచ్చునని కూడా చూశాను. ఆయన కాదనలేదు.

బోల్జానో ప్రాగ్ విశ్వవిద్యాలయంలో చెబుతున్నది గణితం కాదు, మత బోధన. యుద్ధాలనీ, అసమానతలనీ విమర్శిస్తూ విద్యార్థుల ముందు మాట్లాడేవాడు. 1819 చివర్లో ఆస్ట్రియా చక్రవర్తి ఉత్తర్వుతో ఉద్యోగం ఊడింది. ఆయన 1817 వ్యాసాన్ని చాలా దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.