బల్లకట్టు దిగిన తరువాత

నందిగామనుండి చందర్లపాడు మీదుగా కృష్ణ యొడ్డునకుఁ బోవు త్రోవ యాత్రికుల త్రోవ. చందర్లపాడు మండలమందలి గుడిమెట్లలో చాగివంశీయుల కోట శిథిలములు కలవు. ఏటి కెగువను ముక్త్యాలయు వేదాద్రియు, ఆవలి యొడ్డున అమరావతియు నున్నవి. ఈ సీమ చరిత్ర వ్రాసినవారు రాజులను, శాసనములను, శిల్పములను గుఱించి విస్తారముగా వ్రాసిరి. కాని నడువలేని ముదుసలియు, చూపులేనివాఁడును, చంకబిడ్డతో వచ్చిన తల్లియు నీ పుణ్యస్థలముల నెట్లు చేరుకొనిరో విచారించినవారు అరుదు.

జగ్గయ్యపేటయొద్ద ధనంబోడు బౌద్ధస్తూపమును 1882లో పురాతత్త్వజ్ఞుఁడగు బర్జెస్ దొర త్రవ్వించెను. అచ్చట స్తూపముఖమున నిలిపిన ఆయక స్తంభములపై ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని యిరువదియవ రాజ్యసంవత్సరపు ప్రాకృత శాసనము గలదు. మహాచైత్యపుఁ దూర్పుద్వారమున అయిదు స్తంభములను నిలిపిన దాత సిద్ధార్థుఁడను శిల్పకారుఁడు. అతఁడు తల్లియైన నాగిలానిని ముందిడుకొని, భార్యను, కొడుకును, కూఁతును, సోదరుని, సోదరుని భార్యను, వారి బిడ్డలను బేరుపేరునఁ జెప్పి, బంధుమిత్రులతోఁ గూడి యా దానమును సకలప్రాణుల హితసుఖములకై చేసెను. పదునేడువందల యేండ్లనాఁటి యీ శాసనమును జదివినపుడెల్ల నాకు మొదట గోచరించునది యా కుటుంబమే. తల్లి పేరు ముందు, పసివారి పేర్లు వెంట; ఇంటివారిలో విడువఁబడినవారు లేరు.

తరువాతి కాలమున ఎడ్లబండియు బల్లకట్టును యాత్రికునకుఁ గాళ్లయినవి. ముక్త్యాలకును ఆవలి మాదిపాడునకును నడుమ బల్లకట్టు నడచుట యీ ప్రాంతమువారందఱు నెఱిఁగినదే. రెండు పడవలను జోడించి, పైని బల్లలు బిగించి, ఒడ్డుకు సరిగా నానించినచో, బండి విప్ప నక్కఱలేకయే యెడ్లు దానిమీఁదికి నడచును. బండివాఁడు దిగి, ముకుత్రాళ్లు చేతఁబట్టుకొని యెడ్లను నిలువరించును. గూడుబండిలో గడ్డిపై పఱచిన దుప్పటిమీఁదఁ గూర్చున్న ముసలమ్మ కూర్చున్న చోటు కదలకయే కృష్ణను దాఁటును. నడువలేనివారికై ప్రత్యేకముగాఁ గల్పించినది కాకున్నను, నేలకును పడవకును నడుమ ఎత్తుపల్లములు లేని యీ యేర్పాటు వారికెంత మేలొనర్చెనో యోజింపుఁడు! ఆ ముసలమ్మకుఁ గష్టము బల్లకట్టు దిగిన తరువాత, దేవాలయపు మెట్లకడ మొదలయ్యెడిది.

కొందఱిని మెట్టువఱకైనను రానిచ్చెడివారు కారు. అంటరానివారను పేరిట వెలివేయఁబడినవారు గాలిగోపురమున కీవలనుండియే చేతులు మోడ్చి మరలవలసివచ్చెను. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముఁడు హరిజనయాత్రలో ఆంధ్రదేశమునఁ దిరిగెను. ఈ సీమ నాఁడు చేరియున్న మద్రాసు రాష్ట్రమున 1947లో దేవాలయప్రవేశ శాసనము వెలువడెను. ద్వారము తెఱవవలెనన్న పట్టుదల ప్రజలలోఁ గలిగినపిమ్మటనే శాసనమునకుఁ బ్రాణము వచ్చినది. ఆ పట్టుదల మెట్ల విషయమున మనకింకను గలుగలేదు.

వేదాద్రిలో నరసింహుఁడు అయిదు రూపములఁ గొలువఁబడుచున్నాఁడు: జ్వాలానరసింహుఁడు కొండపైని, సాలగ్రామనరసింహుఁడు కృష్ణాజలములలోను. కొండ యెక్కలేని భక్తుఁడు క్రిందనుండియే మ్రొక్కి తృప్తిచెందును. కాని నీటియొద్దకైనను దిగలేకపోవుట కొండ దోషము కాదు, మనము పోసిన సిమెంటు మెట్ల దోషము. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములు జరిగెను. ఆ యేఁడు డిసెంబరులోనే దివ్యాంగుల హక్కుల చట్టము వచ్చెను. ప్రజోపయోగమునకైన పాత కట్టడములనుగూడ, నియమములు వెలువడిన అయిదేండ్లలోపల అందఱికి సుగమము చేయవలెనని అది విధించినది. ఆ నియమములు 2017 జూనులో వెలువడెను. గడువు 2022లోనే తీరినది.

అడుగెత్తునకుఁ బండ్రెండడుగుల పొడవున సాగు వాలుబాట, ఇరువైపులఁ జేతికమ్మి, చక్రాల కుర్చీ పట్టునంత వాకిలి గల మరుఁగుదొడ్డి, చూపులేనివారు తడవి తెలిసికొనుటకు స్తూపపు నమూనా — ఇవి గొప్ప వ్యయముతోఁ గూడినవి కావు. మరల 2028లోఁ బుష్కరములు రానున్నవి. గుడిమెట్లయందును, ముక్త్యాలయందును, వేదాద్రియందును ఘట్టములను బాగుచేయించునపుడు, నీటిదాఁకఁ బోవు వాలుబాటను బటములో మొదట గీయించి, ఆ మీఁదటనే మెట్లను గీయింపుఁడని యింజనీర్లను, దేవాదాయశాఖవారిని, గ్రామపెద్దలను వేఁడుకొనుచున్నాను.