చెంచుల రక్తంలో చదివిన చరిత్ర

నల్లమల చెంచుల దగ్గరికి కొలతలకోసం, కథలకోసం, చివరికి రక్తంకోసం కూడా మనుషులు వచ్చారు. ఈ మూడు రాకల్లో మూడోదాని గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

మొదటిది కొలతల కాలం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది ప్రజల ముక్కులు, తలలు కొలిచి కులాలనూ తెగలనూ వర్గీకరించాడు. 1909లో అచ్చయిన ఆయన ఏడు సంపుటాల్లో చెంచులూ ఉన్నారు. ముక్కు వెడల్పును బట్టి మనిషి మెట్టును లెక్కగట్టిన కాలం అది. ఆ తర్వాత 1940లో ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి ఎక్కాడు. అది అప్పుడు నిజాం రాజ్యంలోని మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. ఆయన పెంటల్లో ఉండి, గడ్డలు తవ్వే తీరు, తేనె తీసే తీరు చూసి రాసిన చెంచుల పుస్తకం 1943లో వెలువడింది. కొలబద్ద కంటే ఇది చాలా నయం. కనీసం మనిషితో మాట్లాడాడు.

మూడోసారి వచ్చినవాళ్లకు చేతిలో రెండు చుక్కల రక్తం చాలు.

ఆ రక్తంలో ఏం చదువుతారో బడి భాషలోనే చెప్పుకుందాం. మన ప్రతి కణంలో డీఎన్‌ఏ అనే పొడవాటి రాత ఉంటుంది. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలతో, సుమారు 300 కోట్ల అక్షరాల రాత. తల్లిదండ్రులనుంచి పిల్లలకు అది నకలు అవుతుంది. నకలు రాసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. జనాభాలో అలా ఒక్క అక్షరం దగ్గర కనబడే తేడానే శాస్త్రవేత్తలు స్నిప్ అంటారు. ఏ ఇద్దరి రాత పోల్చినా సుమారు వెయ్యి అక్షరాలకు ఒకచోట తేడా వస్తుంది. మిగతాదంతా ఒకటే.

పరీక్ష పేపర్లు దిద్దిన పంతులుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇద్దరు పిల్లలు సరైన జవాబు రాస్తే ఏమీ తెలియదు. ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు రాస్తే, ఒకే నోటుబుక్కు చూశారని తెలిసిపోతుంది. ఒకే అరుదైన మార్పు ఇద్దరిలో కనిపిస్తే, చాలాసార్లు ఇద్దరికీ అది ఒకే పూర్వీకులనుంచి వచ్చి ఉంటుంది. లక్షల చోట్ల ఇలా పోల్చితే, ఏ సముదాయం ఎవరికి ఎంత దగ్గరో లెక్క తేలుతుంది.

2003లో ఎస్టోనియా దేశపు కివిసిల్డ్, ఆయన తోటి పరిశోధకులు చెంచుల, కోయల నమూనాలు చదివి ఒక వ్యాసం ప్రకటించారు. తల్లి వైపునుంచి వచ్చే డీఎన్‌ఏ, తండ్రి వైపునుంచి వచ్చే డీఎన్‌ఏ రెండూ చూశారు. ఈ దేశంలో తొలినాళ్లలో స్థిరపడిన మనుషుల వారసత్వం గిరిజనుల్లోనూ ఉంది, కులాల్లోనూ ఉంది అన్నది వాళ్లు తేల్చిన మాట. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సముదాయాలకు చెందిన 132 మందిలో 5,60,123 చోట్ల అక్షరాలు పోల్చారు. చెంచులతోపాటు మాల, మాదిగ, వెలమ, వైశ్యులూ అందులో ఉన్నారు. చాలా సముదాయాలు రెండు పాత ధారలు వేర్వేరు పాళ్లలో కలిసినవేనని తేలింది.

1975 నుంచి సర్కారు కాగితాల్లో చెంచులు 'ఆదిమ గిరిజన సమూహం'. ఇప్పుడా పేరు మార్చారు గానీ జనం నోట్లో మారలేదు. ఆదిమ అంటే వెనకబడి ఆగిపోయినవాళ్లు అని చాలామంది అనుకుంటారు. అక్షరాలు ఆ మాట ఒప్పుకోవు. చెంచు తల్లి నకలు ఎంత పాతదో జిల్లా కలెక్టరు నకలూ అంతే పాతది. ఎవరి వంశమూ మధ్యలో ఆగలేదు.

అలాగని ఈ లెక్కలు పట్టా ఇప్పిస్తాయని ఆశపడొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుణ్ణి అడిగేది 2005 డిసెంబరు 13కు ముందునుంచీ ఆ నేలమీద ఉన్నావా అని. డీఎన్‌ఏ ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. దేవరకొండ తండాల లంబాడీ ఎస్టీ హోదా 1976 చట్ట సవరణతో వచ్చింది, రక్తపరీక్షతో కాదు.

ఈ విద్య నిజంగా అక్కరకొచ్చేది జబ్బు దగ్గర. సికిల్ సెల్ జబ్బుకు మూలం హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం, ఏ ఉండాల్సిన చోట టీ. ఆ మార్పు ఒక్క నకలులో ఉంటే మనిషి మామూలుగానే ఉంటాడు, మలేరియానుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. మలేరియా అడవుల్లో అది మిగలడానికి కారణం అదే. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కొక్క నకలు ఉంటే మాత్రం, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు ముప్పు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 7 కోట్లమందిని పరీక్షించాలని పెట్టుకుంది. ఇది గిరిజనులకే ఉన్న మచ్చ అనుకోనక్కర్లేదు. వైశ్యుల్లో కొందరికి ఇంకో జన్యువులో ఒక్క అక్షరం తేడావల్ల, ఆపరేషనప్పుడిచ్చే ఒక కండరాల సడలింపు మందు తొందరగా విరగదు, ఊపిరి ఆలస్యంగా అందుతుంది. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు.

అందుకే రక్తం ఇవ్వొద్దని నేను చెప్పను. అడిగి ఇవ్వమంటాను. అమెరికాలోని ఆరిజోనాలో హవసుపాయి అనే చిన్న తెగ ఉంది. 1990 తర్వాత షుగరు జబ్బు పరిశోధనకని వాళ్లు రక్తమిచ్చారు. అదే రక్తాన్ని మానసిక జబ్బుల మీద, ఆ తెగ ఎక్కడినుంచి వచ్చిందన్న దానిమీద కూడా వాడారని తర్వాత తెలిసింది. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం రాజీకొచ్చి 7 లక్షల డాలర్లు ఇచ్చింది, మిగిలిన నమూనాలూ తిరిగి అప్పగించింది. మన దగ్గర ఐసీఎంఆర్ 2017 నియమాలు కూడా మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలంటాయి. కాగితం ఇంగ్లిషులో ఉంటే, చదివి చెప్పమని అడిగే హక్కు పెంటలోని ముసలమ్మకూ ఉంది. అక్కడ పనిచేసే పంతులు ఆ కాగితం పట్టుకుని పక్కన కూర్చుంటే చాలు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా హాస్టలుకు ఒక శిబిరం వచ్చింది. వరుసలో నిలబెట్టి చేయి చాపమన్నారు, బిస్కెట్లు ఇచ్చారు. ఎందుకో వార్డెనును అడిగితే "మీ మంచికే" అన్నారు. ఫలితం కాగితం మాలో ఎవరికీ రాలేదు. ఆ సీసామీద నా పేరు రాశారో, అంకె రాశారో కూడా చూడలేదు.