తార్నాకలో దొరికిన లావు ఎలుక

మన ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు సైడ్ షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళు తెలియనివాళ్ళు ఉండరు. అలాంటి మందులు మనిషి దాకా రాకముందు జంతువుల మీద పరీక్షిస్తారు కదా. మరి షుగర్ ఉన్న ఎలుక ఎక్కడ దొరుకుతుంది? ఈరోజు ఆ చరిత్రే.

1918లో నీలగిరి కొండల్లోని కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ ల్యాబే 1958లో హైదరాబాద్ తార్నాకకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యింది. కూనూర్‌లో తరతరాలుగా పెంచిన విస్టార్ ఎలుకల సంతతి కూడా దాంతోపాటే వచ్చింది.

1996లో ఆ సంతతిలో ఒక ఎలుక విపరీతంగా లావెక్కింది. ఎవరూ దాని జన్యువును ముట్టుకోలేదు, మార్పు దానంతట అదే వచ్చింది. డాక్టర్ ఎన్.వి. గిరిధరన్ బృందం దాని నుంచి ఒక వంశాన్నే నిలబెట్టింది. పేరు డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ. తర్వాత గ్లూకోజ్‌ను తట్టుకోలేని ఇంకో లావు వంశం కూడా దొరికింది. చిక్కేంటంటే, ఈ లావు ఎలుకలకు పిల్లలు పుట్టవు. అందుకే మారిన జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉన్నవాటిని జత కట్టిస్తారు. నాలుగు పిల్లల్లో సగటున ఒకటి పూర్తి లావుది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ కళ్ళముందే ఉంది, ఏ లైన్‌లో ఉందో తెలీదు. వెతగ్గా వెతగ్గా 5వ క్రోమోజోమ్‌లో, లెప్టిన్ రిసెప్టర్ జన్యువుకు దగ్గరి ప్రాంతం దాకా వచ్చారు.

జన్యు ఎడిటింగ్ దీనికి రివర్స్. ముందు జన్యువును ఎంచుకుని ఆపేస్తారు, తర్వాత ఏ జబ్బు వస్తుందో చూస్తారు. ఎంచుకున్న జన్యువును ఆపేసిన చిట్టెలుకలు 1989లో వచ్చాయి. ఆ పద్ధతికి 2007లో నోబెల్ ఇచ్చారు. పెద్ద ఎలుకల్లో అది కుదరక 2009 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత క్రిస్పర్. గైడ్ ఆర్ఎన్ఏ చోటు చూపిస్తుంది, క్యాస్9 అక్కడ కోస్తుంది, కణం అతుకు వేసేటప్పుడు తప్పు పడి జన్యువు ఆగిపోతుంది. 2013లో చిట్టెలుకల పిండాల్లో ఒకేసారి చాలా జన్యువులు మార్చారు. ఏళ్ళ పని వారాల్లోకి వచ్చింది.

అయితే తార్నాక ఎలుక పాతబడిందా? నేననుకోవడం, లేదు. ఎడిటింగ్‌తో మనం అనుమానించిన జన్యువునే పరీక్షించగలం. ఎవరూ ముందుగా జన్యువును ఎంచుకోకుండానే మార్పును చూపించింది ఆ ఎలుక. పైగా మనిషి షుగర్‌లో ఎన్నో జన్యువులు, తిండి, పని, నిద్ర అన్నీ కలుస్తాయి.

ఇంకో మాట. ఈ లావు ఎలుకలు మామూలు వాటికంటే చాలా తొందరగా చనిపోతాయి. జబ్బుతో జీవిని పుట్టించడం ఎంత ఈజీ అయితే, నిజంగా అవసరమా అని అంత గట్టిగా అడగాలి. మళ్ళీ కలుద్దాం.