విశాఖలో క్రైస్తవ సంఘం: కొన్ని జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు మన ఊరి చరిత్ర గురించి నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని, చరిత్రకారుణ్ని కాను. అయినా నేను పుట్టి పెరిగిన క్రైస్తవ సంఘం గురించి తెలిసినంత మనవి చేస్తాను.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, బడి పెట్టి, సువార్తల అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చూసుకునే భాగ్యం వారికి లేకపోయింది. ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. 1840లో వచ్చిన జాన్ హే తెలుగు బైబిలు సవరణకు ఏళ్ల తరబడి శ్రమించారు.

ఇంత జరిగినా తొలి దశాబ్దాల్లో విశ్వాసంలోకి వచ్చినవారు బహు కొద్దిమంది. కారణం ఊహించడం కష్టం కాదు. బాప్తిస్మం తీసుకుంటే బంధువులు దూరమయ్యేవారు. అలాంటివారిని పిలిచి అన్నం పెట్టే ఇల్లు కావాలి. పుస్తకం ఆ పని చెయ్యలేదు, మనుషులే చెయ్యాలి. ఆ మనుషులే సంఘం.

పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలు కూడా సంఘం నోటనే నిలిచాయి. మా నాయనమ్మది వేలిముద్ర. కానీ కూడికల్లో విని విని పాటలన్నీ కంఠతా పట్టింది. మాకు ప్రార్థన నేర్పింది ఆమే.

1933లో ఓడరేవు ప్రారంభమయ్యాక పనికోసం పల్లెల నుంచి వచ్చినవారిలో మా నాన్నగారొకరు. ఊళ్లో ఎరిగినవారు లేరు. మొదటి ఆదివారం చర్చిలో కలిసిన పెద్దాయనే అద్దెగది చూపించి, జీతం వచ్చేదాకా భోజనం పెట్టారట.

తరవాత నాన్నగారు జబ్బుపడితే సంఘంవారు వంతులవారీగా రాత్రిళ్లు ఆయన మంచం పక్కన కూర్చున్నారు. పక్కింటి హిందూ మిత్రుడొకరు అది చూసి, “మీ బోధ నాకు తెలియదుగాని, ఇది అర్థమైంది బాబూ” అన్నారు. ఆయన మతం మారలేదు. కానీ బతికినన్నాళ్లూ క్రిస్మస్‌కి మా ఇంటికి వచ్చారు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. కొన్నాళ్ల క్రితం మా సంఘంలో ఒకాయన మంచాన పడ్డారు. సహాయనిధికి డబ్బు పంపి ఊరుకున్నాను. “రేపు వెళ్దాం” అనుకుంటూనే మూడు నెలలు గడిచాయి. వెళ్లేసరికి ఆయన లేరు. “మీ గురించి అడిగేవారండీ” అన్నారు వారి శ్రీమతి. ఆ మాట నన్ను వదలడం లేదు.

చర్చినీ సంఘమే అంటాం, మన పెన్షనర్లదీ సంఘమే. పిల్లలు దూరాన ఉండి, ఒంటరిగా ఉన్న సభ్యులు మనలో ఎందరో. ఏ మతంవారమైనా సరే, ఈ వారం ఒక్కరి గడప తొక్కుదాం. నేను మొదలుపెట్టాను.